మధుమాల కౌంటీలో మాడల్ హౌస్

కిందటి వారం మా కారును శంకర్‌పల్లి రోడ్డు మీద కంకర లారీల మధ్య ఇరికించి వదిలేశాను. ఆ కారులో ఎవరున్నారో, ఎందుకున్నారో ఒకసారి గుర్తు చేస్తాను. నడుపుతున్నది మా ఆయన త్రినాథరావు, సినిమా ఆర్ట్ డైరెక్టరు. పక్కన కూర్చున్నది నేను, కౌసల్యను, ఇరవై ఎనిమిదేళ్ళుగా డబ్బింగ్ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ఫిల్మ్‌నగర్‌లో వాలు మీద ఉన్న మా మూడు గదుల ఇల్లు నా పేరున ఉంది. ఆ ఇల్లు తీసుకుని, బదులుగా ఊరవతల తమ మధుమాల కౌంటీలో విల్లా ఇస్తామని ఒక కంపెనీ వచ్చింది. సోమవారం పదిన్నరకు రిజిస్ట్రేషన్. సంతకం పెట్టేలోగా ఆ ఇంటిని ఒక్కసారి కళ్ళతో చూడాలని నేను పట్టుబట్టాను. అందుకే ఆదివారం పొద్దున బయలుదేరాం.

నిజం చెప్పాలంటే సగం మనసుతో నేను ఎప్పుడో ఒప్పేసుకున్నాను. హైటెక్ సిటీ లేచిన దగ్గర్నుంచి ఫిల్మ్‌నగర్‌లో మనశ్శాంతి లేదు. ఎడమ పక్కిల్లు ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి గెస్ట్‌హౌస్ అయింది. కుడి పక్క ఖాళీ జాగాలో రోజంతా బండలు పేలుస్తున్నారు. మా గేటుకు అడ్డంగా ఎవరెవరో కార్లు పెట్టి పోతారు. తలుపులన్నీ బిగించుకున్నా సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. గొంతు అమ్ముకుని బతికేదాన్ని, రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలించి స్టూడియోకు వెళ్తున్నాను. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి హరిణి, "అక్కడికెళ్తే నా ఆఫీసు ఇరవై నిమిషాలేనమ్మా" అని బ్రోషర్ తెచ్చి చూపించింది. చెట్లు, నిశ్శబ్దం, ఇరవై నిమిషాలు. ఎవరికి వద్దు?

ఆ ఇరవై నిమిషాలు మాకు గంటా పాతిక నిమిషాలయ్యాయి. అదీ ఆదివారం పూట, ఆఫీసులు లేని రోజు. నేను గడియారం చూసుకున్నప్పుడల్లా మా ఆయన "రింగ్ రోడ్డు వస్తే తగ్గిపోతుంది" అన్నారు. నాలుగుసార్లు అన్నారు. రాని రోడ్డు మీద ప్రయాణం చేయడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

కౌంటీ గేటు మాత్రం ఘనంగా ఉంది. రెండు బురుజులు, మధ్యలో ఇనుప పువ్వులు, తెల్ల చేతి తొడుగులు వేసుకున్న సెక్యూరిటీ మనిషి సెల్యూట్. గేటు దాటితే ఏముంది? పొలం. జొన్న కోసేసిన మోళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మధ్యలో ఇంగ్లీషు పేర్లున్న పచ్చ బోర్డులు పాతారు. ఆక్స్‌ఫర్డ్ లేన్ అట, ప్రిన్స్ అవెన్యూ అట. ఆ లేనుకు అటు చివర దున్నపోతు ఒకటి తీరిగ్గా నెమరు వేసుకుంటోంది. ఇన్ని ఎకరాల్లో ఒకే ఒక్క ఇల్లు నిలబడి ఉంది. తెల్లటి రెండంతస్తుల ఇల్లు, ముందు పచ్చిక, పచ్చిక పక్కన షామియానా, షామియానాలో ఆరెంజ్ నీళ్ళు తాగుతున్న ఇరవై, ముప్పై మంది జనం. నాకు అప్పటికే ఒళ్ళు కంపరమెత్తడం మొదలైంది కానీ, ఇంత దూరం వచ్చాం కదా అని ఊరుకున్నాను.

మెడకు టై బిగించుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు. పేరు సాయిశ్రీనివాస్. కంపెనీలో మార్కెటింగ్ అంతా అతనే. చెమటకు టై రంగు చొక్కాకు అంటుకుంది.

"వెల్‌కమ్ హోమ్ మేడమ్!"

"ఇంకా నా ఇల్లు కాలేదు బాబూ. అవునూ, ఈ కౌంటీ అంటే ఏంటి?"

"ఫారిన్‌లో జిల్లాని కౌంటీ అంటారు మేడమ్. సిటీ దగ్గర్లో ఉండే పోష్ జిల్లా అన్నమాట."

"ఇది ఇప్పటికే రంగారెడ్డి జిల్లాలో ఉంది కదా?"

"అది గవర్నమెంట్ జిల్లా మేడమ్. ఇది మన జిల్లా," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా. అలా తడుముకోకుండా చెప్పేవాళ్ళను నేను రోజూ స్టూడియోలో చూస్తాను. వాళ్ళ ముందు డైలాగు పేపరైనా ఉంటుంది.

లోపలికి తీసుకెళ్ళాడు. పెద్ద హాలు, పాలరాయి నేల, నిలువెత్తు కిటికీలు, గోడకు గుర్రాల బొమ్మ. బాగుంది. కాదనను. సోఫాలో ప్లాస్టిక్ పూల గుత్తి పక్కన ఇంగ్లీషు పత్రిక ఒకటి తెరిచి పెట్టారు, ఇప్పుడే ఎవరో చదువుతూ లేచి వెళ్ళినట్టు. నా వెనక రెండడుగుల దూరంలో మా ఆయన నడుస్తున్నారు. ఎందుకో తిరిగి చూస్తే ఆయన ఇల్లు చూడటం లేదు, నన్ను చూస్తున్నారు.

"ఇదీ మేడమ్ మీ డ్రీమ్ హాల్!" అని సాయిశ్రీనివాస్ చేతులు చాచి గట్టిగా అన్నాడు.

అప్పుడు నా చెవికి ఏదో తేడా కొట్టింది.

మా పనిలో పైలట్ ట్రాక్ అని ఒకటి ఉంటుంది. షూటింగులో నటులు మాట్లాడిన మాటను అక్కడికక్కడే రికార్డు చేసి మాకిస్తారు. అది హెడ్‌ఫోన్‌లో వింటూ మేము ఆ మాటనే మళ్ళీ శుభ్రంగా చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు నేను అదే విన్నాను. సిమెంటు ఇంట్లో తీసిన సీన్లో మాట గోడకు తగిలి మోగుతుంది. కొత్త ఇల్లయితే మరీ మోగుతుంది, సామాను లేకపోతే ఇంకా. సెట్టులో తీసిన సీన్లో మోగదు. మాట బయటికొచ్చి అక్కడే చచ్చిపోతుంది. కళ్ళు మూసుకుని చెప్పగలను, ఇది నిజం ఇల్లా, సెట్టా అని.

ఇంత పెద్ద హాలు, రాతి నేల, కర్టెన్లు కూడా లేవు. సాయిశ్రీనివాస్ అరిచిన మాట మోగలేదు.

"హలో, హలో, చెక్," అన్నాను నేను. మైకు ముందు నిలబడిన అలవాటుగా వచ్చేసింది. ఆ కుర్రాడు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. చుక్క రాలేదు. గాలి కూడా రాలేదు. "లైన్ ఇంకా ఇవ్వలేదు మేడమ్," అన్నాడు. మెట్లెక్కబోతే పైన తలుపుకు తాళం ఉంది. "పాలిష్ జరుగుతోంది మేడమ్, కాలికి అంటుకుంటుంది," అన్నాడు. సరే అని, అసలు అవసరం అడిగాను. గంటన్నర కారులో కూర్చొచ్చిన ఆడదానికి ఉండే అవసరమే.

"బాత్రూమ్ ఎటు బాబూ?"

కుర్రాడి మొహంలో నెత్తురు లేదు. నాలుగు బాత్రూములున్న విల్లా అని బ్రోషర్లో అచ్చేశారు. వాటిలో ఒక్కటి కూడా వాడటానికి లేదు. చివరికి వెనకవైపు రేకుల షెడ్డు ఉందని, కానీ చుట్టూ తిరిగి కాంపౌండు బయటి నుంచి వెళ్ళాలని నసిగాడు. నేను వంటింటి తలుపు తీసుకుని నేరుగా వెనక్కి నడిచాను. "మేడమ్, మేడమ్!" అని రెండడుగులు వెంట వచ్చాడు. ఆడవాళ్ళు బాత్రూముకు వెళ్తుంటే ఎంత దూరం రాగలడు?

వెనక ఇల్లు లేదు.

ముందు నుంచి చూసినదంతా ఒక పొర. దాని వీపంతా ప్లైవుడ్, దానికి అడ్డపట్టీలు, అడ్డపట్టీలకు సరుగుడు కర్రలు ఏటవాలుగా ఊతం, కర్రల మొదట్లో ఇసుక బస్తాలు. హాలుకి, వంటింటికి మాత్రం పైన రేకులు కప్పారు. మేడ మీది కిటికీల వెనక ఆకాశం ఉంది. లోపల నేను తొక్కిన పాలరాయి అంచు ఇక్కడ చాప చివరలా లేచి ఉంది, అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటు. ఒక గోడ వీపు మీద సగం చెరిగిన నల్ల అక్షరాలు కనిపించాయి. సబ్ జైలు అని ఉంది. ఎప్పటిదో సినిమాలో వాడిన చెక్కను తిరగేసి, సున్నం పూసి, రేపు నేను పడుకోబోయే గదికి గోడ చేశారు.

ఆ అక్షరాల కింద ఎర్ర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఉంది. సున్నాలో 'త్రి'. పక్కన పద్నాలుగు. దాని పక్క చెక్క మీద పదిహేను.

ఇక నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. సెట్టు విప్పి ఇంకోచోట నిలబెట్టేటప్పుడు ఏ చెక్క పక్కన ఏది రావాలో తెలియడానికి మా ఆయన అలాగే గుర్తు వేస్తారు. మద్రాసులో ఉన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళైన కొత్తలో ఆ ఎర్ర పెన్సిళ్ళు నేనే చెక్కి ఇచ్చేదాన్ని.

"ఏందమ్మా, గీడికొచ్చినవ్? ఎనకకు ఎవ్వర్నీ రానియ్యొద్దన్నరు."

షెడ్డు పక్కన బకెట్లు ముందేసుకుని ఒక ముసలామె కూర్చుంది. బుచ్చమ్మట పేరు. పచ్చికకు నీళ్ళు పోసే పని.

"బాత్రూముకు వచ్చానమ్మా. ఈ ఇల్లు..."

"ఇల్లేడిదమ్మా! బొమ్మ గది. మొన్న గాలిదుమారమొస్తే గీ గోడ వొరిగింది. మేస్త్రి పోచయ్యొచ్చి మల్ల నిలవెట్టిండు. వాన పడ్డ మర్నాడల్లా రంగేస్తరు."

పోచయ్య మా ఆయన దగ్గర ఇరవై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్న మనిషి. మొన్న గురువారం మా ఇంట్లో ఉప్మా తిని వెళ్ళాడు. నా మొహం చూసి "బాగుందమ్మా" అని, తలొంచుకుని తిన్నాడు.

"నీళ్ళున్నాయా ఇక్కడ?" అని అడిగాను.

"యాడియి నీళ్ళు? మూడు బోర్లేసిండ్రు, దుబ్బొచ్చింది. ఐతారం ఐతారం ట్యాంకరొస్తది, మీరొస్తరని. గా గడ్డికి వోస్త. మాకు తాగనీకి అద్ద కోసు నడవాలె." ఆమె చెక్క సందులోంచి ముందువైపు తొంగి చూసింది. "గా తెల్లగడ్డం సారు నీ ఇంటాయనేనా? గాయనే గదమ్మా దగ్గరుండి కట్టిచ్చింది. మంచోడు. జొన్నలున్నంతసేపు జర ఆగి, కోసినంకనే కర్రలు నాటిండు."

"భూమి మీదేనా?"

"ఉండె," అంది బుచ్చమ్మ. "నువ్ కొంటున్నవా ఏంది? ఉన్న ఇల్లు ఇడిసిపెట్టి గీడికెందుకొస్తవమ్మా, ఫికర్ లేక?"

నేను గబగబా షెడ్డులోకి వెళ్ళొచ్చాను. నాకు ఆ రేకుల షెడ్డు వాసన కంటే, ఆ పాచి బకెట్ల కంటే, ఆ ఎర్ర సున్నా ఎక్కువ అసహ్యంగా కనిపించింది. మళ్ళీ ముందుకు వచ్చేసరికి సాయిశ్రీనివాస్ షామియానాలో ఇంకో కుటుంబానికి కిటికీలు చూపిస్తూ మా వైపు చెయ్యి చాపాడు. "వాళ్ళు ఫిల్మ్ ఇండస్ట్రీ వాళ్ళు సార్. ఫస్ట్ విల్లా వాళ్ళదే." ఆ కుటుంబం మమ్మల్ని చూసి నమస్కారం పెట్టింది. ముగ్గురు పిల్లలు. నేను తిరిగి నమస్కారం కూడా పెట్టలేక కారెక్కి కూర్చున్నాను.

కోకాపేట మలుపు దాకా వచ్చాం. అక్కడ బండరాళ్ళ లారీ అడ్డం తిరిగి, రెండు వైపులా బళ్ళు ఆగిపోయాయి. మా ఆయన ఇంజను ఆపారు.

"ఎప్పుడు వేశారు?" అని అడిగాను.

"ఏది?"

"సెట్టు."

"జూన్‌లో."

"జూన్‌లో నాతో వైజాగ్ అవుట్‌డోర్ అన్నారు."

"అన్నాను."

అంతే. కాదనలేదు, బుకాయించలేదు. నా వైపు తిరిగి అడిగారు.

"ఎలా కనిపెట్టావు? పెయింటా? కిటికీ దగ్గర జాయింటు కనిపించిందా?"

పెళ్ళాం దొరకబుచ్చుకుంటే సిగ్గుపడే మొగుళ్ళను చూశాను, ఎదురు తిరిగే మొగుళ్ళను చూశాను. ఈయనకు కావలసింది జాయింటు సంగతి.

"మాట మోగలేదు," అన్నాను.

"అరెరే!" అని స్టీరింగ్ మీద చేత్తో కొట్టుకున్నారు. "సౌండ్ గురించి ఆలోచించనే లేదు కౌసల్యా. వెనక జనపనార గోనెలు కట్టినా... కాదు, అలా చేస్తే ఇంకా చచ్చిపోతుంది. హాలుకు మాత్రం సిమెంటు షీట్లు వేయాల్సింది."

"ఏవండీ!"

"కాదు, విను. నీకు చెప్పకుండా ఎందుకు తీసుకెళ్ళాననుకున్నావు? నువ్వు కనిపెట్టకపోతే ఇంకెవరూ కనిపెట్టరు. నీకంటే సెట్టు తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

"అంటే నేను కనిపెట్టకపోతే?"

"కనిపెట్టకపోతే బాగా వేసినట్టే కదా," అన్నారు. ఆ అనడంలో ఎంత అమాయకత్వం ఉందో, అంత కుళ్ళూ ఉంది. నేను కిటికీ అద్దం దించి బయటికి మొహం పెట్టాను. దుమ్మూ పొగా కొట్టినా సరే, ఆ మనిషి పక్క గాలి కంటే నయమనిపించింది.

వెనక ఎవడో హారన్ కొడుతున్నాడు. ఆయన చెప్పుకుపోతున్నారు. ఇప్పుడు సెట్లు ఎవరు వేయిస్తున్నారు కౌసల్యా అన్నారు. పాటలకు విదేశాలు పోతారు, మిగతాదంతా ఐటీ కంపెనీల అద్దాల మెట్ల మీద తీసేసుకుంటారు అన్నారు. రెండేళ్ళుగా తాను ఒక్క గోడ లేపలేదన్నారు. పోచయ్యతో సహా పద్దెనిమిది మంది పనివాళ్ళు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర కూర్చుని వెళ్ళిపోతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదన్నారు. ఇవన్నీ నిజాలే. ఆ ఉదయాలు నేనూ చూశాను, వాళ్ళకు టీలు ఇచ్చింది నేనే. ఒక్క క్షణం జాలి కలిగింది కూడా. అప్పుడు ఆయన చివరి మాట అన్నారు.

"అయినా నేను ఎవర్ని మోసం చేశాను? మాడల్ హౌస్ అంటే మాడల్ హౌసే. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే చేశాను. సినిమా చూసేవాడికి తెలీదా అది సెట్టని?"

"సినిమాకొచ్చేవాడు అబద్ధం చూడ్డానికే టికెట్ కొనుక్కుని వస్తాడండీ. మూడు గంటలు చూసి తన ఇంటికి తను పోతాడు. వీళ్ళు ఉన్న ఇల్లు అమ్ముకుని వస్తారు. తిరిగి ఎక్కడికి పోతారు?"

"కడతారులే. బుకింగులు నిండగానే మొదలుపెడతారు."

"నిండకపోతే?"

"అందుకేగా మనం ముందు వెళ్ళేది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. ఆయన ఈసారి నా మొహం చూడకుండా చెప్పారు. కౌంటీలో మొదటి ఇల్లు ఆర్ట్ డైరెక్టర్ త్రినాథరావుదీ, డబ్బింగ్ కౌసల్యదీ అంటే మన వాళ్ళందరూ వెనకే వస్తారని సాయిశ్రీనివాస్ లెక్కట. మనం సోమవారం రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, ఆ కాగితం కాపీ షామియానాలో అద్దాల పటంలో పెడతారట. విల్లా కట్టేదాకా ఎర్రగడ్డలో అద్దె ఇల్లు ఇప్పిస్తారట. అంటే వాళ్ళకు కావలసింది ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు ఒక్కటే కాదు. మేము కావాలి. మంద ముందు నడిపించే మేకలుగా.

"ఛీ," అన్నాను.

"ఎవర్ని ఛీ అంటున్నావు? రేడియోలో ఆ ప్రకటన చెప్పింది ఎవరు? నువ్వు కాదూ?"

నేను గబుక్కున తిరిగి చూశాను.

"మార్చిలో. 'నగరానికి ఇరవై నిమిషాలు, ప్రకృతికి ఒక్క అడుగు.' నీ గొంతే. నీకు గుర్తు లేదు, అంతే."

గుర్తొచ్చింది. ఒక సినిమా అయిపోయి, ఇంకో సినిమా మొదలయ్యే లోపు పది నిమిషాల ఖాళీలో ఎవరో కాగితం పట్టుకొచ్చారు. ఏ కంపెనీ అని కూడా అడగలేదు. "గొంతులో నవ్వు పెట్టండి మేడమ్" అన్నారు. పెట్టాను. రెండో టేకుకే ఓకే అయింది. అబద్ధానికి గోడలు ఆయన కట్టారు, గొంతు నేనిచ్చాను. ఇంతసేపూ ఆయన మీద వేసిన అసహ్యం ఒక్కసారిగా నా నోట్లోకి వచ్చి చేరింది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోయేది కాదు అది.

"రేపు నేను సంతకం పెట్టను," అన్నాను.

"పెట్టకపోతే నా పేరు పోతుంది కౌసల్యా."

"ఎక్కడికి పోతుంది? చెక్క వెనక ఎర్ర పెన్సిల్‌తో రాసుకున్నారుగా."

లారీ కదిలింది. దారంతా రోడ్డుకు అటూ ఇటూ కౌంటీల బోర్డులే, నవ్వుతున్న తెల్లవాళ్ళ కుటుంబాల బొమ్మలే. ఆ నవ్వులన్నిటికీ నేనే గొంతు ఇచ్చినట్టు అనిపించి తల దించుకుని కూర్చున్నాను.

మేము చేరేసరికి నాలుగు దాటింది. మా గేటు లోపల, మెట్టు మీద లీలాకుమారి కూర్చుని ఉంది. పాత నటి, తల్లి వేషాలు వేస్తుంది. అరవై ఆరేళ్ళు, ఒంటరి మనిషి, మధురానగర్‌లో సొంత ఫ్లాటు ఉంది. రెండేళ్ళ కిందట గొంతుకు ఆపరేషన్ అయ్యి మాట బొంగురుపోయింది. అప్పటి నుంచి తెర మీద ఆవిడకు గొంతు నేనే. నన్ను చూడగానే లేచి స్వీట్ల డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఏంటి లీలక్కా ఇది?"

"నేనూ వస్తున్నానే నీతో," అంది ఆ బొంగురు గొంతుతోనే, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఫ్లాటు ఇచ్చేశాను. నిన్న సంతకాలు అయిపోయాయి. మీ పక్క ఇల్లే కావాలని అడిగి మరీ రాయించుకున్నాను. చివరి రోజుల్లో తెలిసినవాళ్ళ పక్కన ఉండాలి కదే."

నా చేతిలో డబ్బా బరువెక్కింది. "ఎవరినైనా అడిగారా అక్కా? చూశారా ఆ ఇల్లు?"

"చూసేదేముంది? నువ్వు చెప్పావుగా."

"నేను ఎప్పుడు చెప్పాను?"

లీలక్క నవ్వి చేతిసంచీలోంచి మడత పెట్టిన ఫారం తీసింది. కంపెనీ వాళ్ళ ముద్ర ఉంది. ఆవిడ పేరు, పాత చిరునామా, ప్లాటు నంబరు. అన్నిటికంటే కింద 'పరిచయం చేసినవారు' అని ఒక గడి. ఆ గడిలో నా పేరు, నా పేరు కింద నా సంతకం. నేను జన్మలో ఆ కాగితం చూడలేదు.

సంతకం పక్కన చిన్నగా తొమ్మిది అని వేసి ఉంది.

"ఈ తొమ్మిది ఏంటక్కా?"

"అదా? నేను తొమ్మిదోదాన్నట. నీ పేరు మీద చేరినవాళ్ళలో. నాకంటే ముందు ఎనిమిది మంది ఇళ్ళు ఇచ్చేశారట. ఆఫీసులో అబ్బాయి చెప్పాడు, మేడమ్ గారంటే మీ వాళ్ళందరికీ ఎంత నమ్మకమో అని." ఆవిడ నా బుగ్గ మీద చెయ్యి వేసి, "ఏమైందే, అలా అయిపోయావు?" అంది.

ఎనిమిది మంది. వాళ్ళెవరో నాకు తెలియదు. తల తిప్పి చూశాను. కారు తాళం ఇంకా చేతిలోనే పట్టుకుని మా ఆయన చప్పుడు కాకుండా వెనక్కి, రోడ్డు వైపు నడుస్తున్నారు.

నేను స్వీట్ల డబ్బా మెట్టు మీద పెట్టాను. వెళ్ళి ఆయనకు ఎదురుగా నిలబడి, గేటు మూసి గడియ పెట్టాను.

"ఆ ఎనిమిది మంది పేర్లు చెప్పండి," అన్నాను. "లీలక్క ఎదుటే చెప్పండి."